అమ్మ రాళ్ళు

ఫిబ్రవరి 2

ఒసే గుండుసూదీ,

ఎలా ఉన్నావు? మరిది గారి మోకాలు ఏమంటోంది? మా హోటలు లాండ్రీలో కొత్త ఇస్త్రీ యంత్రం వచ్చింది. దుప్పటి ఇటు పెడితే మడతలు పడి అటు వస్తుంది, చప్పుడే లేదట. ముప్పై ఏళ్ళు ఆ పాత యంత్రం పక్కన నిలబడి నేను రెండు చెవులూ పోగొట్టుకున్నాక తెచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చెవి మిషను పెట్టుకున్నా నాకు ఫోనులో ఒక్క ముక్క అర్థం కాదు. ఫోను మీద అక్షరాలు కొడదామంటే నా వేలు ఒక్కటి మూడు మీటల మీద పడుతుంది. నా బతుకు ఉత్తరాల బతుకే.

మొన్న భోజనం చేశాక కుడివైపు డొక్కలో పట్టేసి రెండు గంటలు గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇప్పుడు తగ్గింది.

అసలు సంగతి మరిది గారికి ఫోనులో చెప్పేశానని మీ బావ అన్నారు కాబట్టి మళ్ళీ మొదటినుంచీ రాయను. అవునే, అమ్మ రాళ్ళు నాకే వచ్చాయి. మొత్తం ఐదు. చూసినాయన తెర మీద చూపించాడు, తెల్లగా తళతళలాడుతున్నాయి. పెద్దది బఠాణీ గింజంత ఉంది. ఎన్నో ఏళ్ళుగా నా దగ్గరే ఉన్నాయట, నాకే తెలియదు. బయటికి తీయించెయ్యమని అందరూ ఒకటే పోరు. నేను తీయించేది లేదు. ఉన్నచోట ఉండనీ, నన్నేమైనా అన్నం పెట్టమంటున్నాయా?

నీకు మాత్రం రాకూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. ఆ ఒక్క కోరిక తీరితే చాలు.

చెవులు పోయినా నోరు పోని
మీ అక్క


ఫిబ్రవరి 9

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. బావగారు మా ఆయనకి ఫోను చేసిన మాట నిజమే. ఏమన్నారని నేను అడిగితే, "ఏవో రాళ్ళట, మీ అక్క రాస్తుందట" అని మోకాలికి నూనె రాసుకుంటూ కూర్చున్నారు. ఒకాయన చెప్పడు, ఇంకొకాయన వినడు. మన ఇద్దరి అదృష్టం అలా కలిసింది.

నేను రోజంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. వెంట్రుకవాసి తేడా వస్తే మనిషికి మెట్టు మెట్టులా కనిపించదు. అందుకని నీ ఉత్తరం కూడా నాలుగుసార్లు చదివాను, ఎక్కడైనా తప్పు చదివానేమోనని. తప్పు లేదు. నల్ల సిరాతో, గుండ్రటి అక్షరాలతో, నాకు రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నానని నా సొంత అక్క రాసింది.

అమ్మ రాళ్ళు ఏళ్ళ తరబడి నీ దగ్గరే ఉన్నాయి, ఆ సంగతి నీకే తెలియదు. సరే, నమ్మాను. ఎవరినో పిలిచి చూపించుకున్నావు. అదీ సరే. కానీ అమ్మ కడుపున ఇద్దరం పుట్టాం కదా. నేనేమీ అన్నీ ఇమ్మనడం లేదు, చెరి సగం పంచుకుందాం అంటున్నాను. బయటికి తీయించు. ఒక్కసారి నా చేతిలో పెట్టు. అమ్మది అని చెప్పుకోవడానికి నా దగ్గర ఒక్కటంటే ఒక్కటి లేదు.

డొక్కలో నొప్పి అన్నావు. గ్యాస్ అయ్యుంటుంది. మాత్ర వేసుకో.

నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నీ తోడబుట్టిన
చెల్లెలు


ఫిబ్రవరి 17

నా బంగారు గుండుసూదీ,

నీ ఉత్తరం లాండ్రీకి పట్టుకెళ్ళి, ఉతికిన దుప్పట్ల గుట్ట మీద కూర్చుని చదివి ఏడ్చాను. ఆ దుప్పట్లు మళ్ళీ ఉతకాల్సి వచ్చిందని మా సూపర్‌వైజరు గొణిగింది. వినపడలేదు కానీ మూతి చూస్తే తెలుస్తుంది.

చెరి సగం పంచుకుందామన్నావు. లోకంలో ఏ చెల్లెలు అంటుందే ఆ మాట? నువ్వు గుచ్చుతావు, పొడుస్తావు, కానీ నీ మనసు వెన్న అని నేను మీ బావతో ఎప్పుడూ చెబుతూనే ఉంటాను. ఆయన ఎప్పటిలాగే ఊఁ అన్నారు. మొదట్లో అక్కగారికి, మీ ఉత్తరం అని ఎందుకు రాశావో మాత్రం అర్థం కాలేదు. భయమేస్తే మనిషికి మర్యాద పుట్టుకొస్తుందేమో.

నువ్వు కంగారు పడకు. నాకు వినపడదని ఆయన అన్నీ కాగితం మీద రాసిచ్చాడు. ఇదేమీ పెద్ద విశేషం కాదట. పెద్దవాళ్ళని పదిమందిని వరసగా నిలబెడితే వాళ్ళలో ఒకరికి ఉండనే ఉంటాయట. చాలామందికి ఉన్నట్టే తెలియదట. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ వస్తాయట, నలభై దాటితే మరీనట. ఒంట్లో కొవ్వున్నవాళ్ళకి, ఎక్కువమంది పిల్లల్ని కన్నవాళ్ళకి, తల్లికి ఉంటే కూతుళ్ళకి. చదువుతుంటే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంది. యాభై నాలుగేళ్ళు, ముగ్గురు పిల్లలు, ఈ శరీరం. అన్ని అర్హతలూ నాకే. నువ్వు రివటలా ఉంటావు, ఒక్క బిడ్డ, కాబట్టి నీకు వచ్చేది తక్కువ. అయినా అమ్మ వైపునుంచి నీకూ ఉండే ఉంటాయి, ఒకసారి ఎవరికైనా చూపించుకో.

నీకు చూపించాలని మీ బావ చేత వాటి బొమ్మ జిరాక్సు తీయించి ఇందులో పెట్టాను. నేను బాగానే ఉన్నాను. ఒక్కపూటే తింటున్నాను, అదీ గుప్పెడు. కొవ్వు తగ్గితే వాటి సంగతి అదే తేలుతుంది.

నిన్ను తలుచుకుని రెండో పూట ఆకలి మర్చిపోయే
మీ అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

నాకు పిచ్చెక్కేలా ఉంది. నీకు ఈ లెక్కలన్నీ చెప్పిన లాయరు ఎవరు?

ఒంట్లో కొవ్వున్నవాళ్ళకి ఎక్కువ వస్తాయని రాశావు. అది ఒప్పుకుంటాను, నీ ఉత్తరాల్లో కనిపిస్తూనే ఉంది. కానీ ఎక్కువమంది పిల్లల్ని కంటే అమ్మ చెవిదుద్దులు ఎక్కువ వస్తాయని ఏ చట్టంలో ఉంది? సన్నగా ఉన్న కూతురికి తక్కువ ఇవ్వాలని ఏ జడ్జి చెప్పాడు? మా దుకాణం యజమానిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నన్నే చూశాడు.

జిరాక్సు అందింది. నల్లటి మచ్చ తప్ప అందులో ఏమీ లేదు. భూతద్దం పెట్టి చూశాను, అయినా మచ్చే. అసలు దుద్దుల్ని జిరాక్సు తీసేవాళ్ళుంటారా? ఇంకో సంగతి. అమ్మ దుద్దుల్లో ఒక్కోదానికి ఏడు రాళ్ళు, రెండింటికీ కలిపి పద్నాలుగు. నువ్వు ఐదు అంటున్నావు. తక్కిన తొమ్మిదీ ఏమయ్యాయి?

నాకు వాటిని పెట్టుకోవాలని లేదక్కా. చిన్నప్పుడు అమ్మ తలస్నానం చేసేముందు దుద్దులు తీసి నా అరచేతిలో పెట్టేది. నేను కిటికీ దగ్గర నిలబడి ఒక్కో రాయిలోంచి వీధిని చూసేదాన్ని. ఏడు రాళ్ళలో ఏడు వీధులు కనిపించేవి. నేను అద్దాల పనిలోకి వచ్చింది అందుకే, ఇది నీకెప్పుడూ చెప్పలేదు. అమ్మ పోయిన రోజు వచ్చి చూస్తే ఆ చెవులు బోసిగా ఉన్నాయి. ఏడేళ్ళయింది, అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు నువ్వే రాళ్ళు నాకొచ్చాయని రాశావు.

నువ్వే కొట్టేసినా సరే, నిజం చెప్పు.

చెల్లెలు


మార్చి 2

ఒసే పిచ్చిదానా,

దుద్దులేమిటే? లాయరేమిటే? దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు ఇద్దరం నెలరోజులుగా రాసుకుంటున్నాం. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, నా పాత ఉత్తరాల్లో ఏం రాశానో గుర్తు తెచ్చుకుని, ముందు పడీ పడీ నవ్వాను. తర్వాత కుడివైపు నొప్పి లేచింది, నవ్వు ఆగిపోయింది.

రాళ్ళు నా కడుపులో ఉన్నాయే. తెర మీద చూపించినాయన స్కానింగ్ ఆయన. కాగితం మీద రాసిచ్చింది డాక్టరు. కుడివైపు పక్కటెముకల కింద గాలి బ్లాడరు అని ఒకటుంటుందట, అందులో ఉన్నాయి. గాలి బ్లాడరు అన్నాడు కాబట్టి గాలికి సంబంధించిందే, అంటే గ్యాసే, అందుకే కోయించుకోనన్నాను. గ్యాస్‌కి ఎవరైనా ఆపరేషను చేయించుకుంటారా? ఒక్కపూట తింటే కొవ్వుతోపాటు రాళ్ళూ కరిగిపోతాయని నేనే ఆలోచించి పెట్టుకున్నాను. నాలుగు వారాల్లో పది కిలోలు తగ్గాను. జాకెట్లు వదులై వేలాడుతున్నాయి. మరి నొప్పి మాత్రం పెరుగుతోంది, ఎందుకో తెలియడం లేదు.

ఇక్కడిదాకా తేలిగ్గా రాశాను. ఇక రాయక తప్పదు. అమ్మ రాళ్ళు అని ఎందుకన్నానో నీకు అర్థమై ఉండదు, ఎందుకంటే నీకు నేనెప్పుడూ చెప్పలేదు. అమ్మ గుండె ఆగి పోలేదే. ఈ రాళ్ళతోనే పోయింది.

నాలుగు రోజులు డొక్క నొప్పి, వీపులోకి పాకుతోందంది. గ్యాసమ్మా అన్నాను. మాత్రలు మింగించాను. నా డ్యూటీ వదలకుండా వెళ్ళొచ్చాను. అయిదో రోజు చలిజ్వరం, కళ్ళు పచ్చబడ్డాయి. అప్పుడు తీసుకెళ్తే, రాయి జారి దారికి అడ్డం పడింది, లోపలంతా చీము పట్టింది, ఆలస్యం చేశారు అన్నారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేముందు దుద్దులు తీసి నాకిచ్చారు. చేతిరుమాల్లో కట్టాను. ఆ రుమాలు ఏమైందో నాకు తెలియదు. దేవుడి మీద ఒట్టు, ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాదు.

నువ్వు వచ్చి ఏమైందని అడిగావు. గుండె అన్నాను. గుండె అంటే ఎవరి తప్పూ కాదు కదా. అప్పటినుంచీ కడుపులో పెట్టుకునే తిరుగుతున్నాను.

నువ్వు ఏమన్నా పడతాను.

అక్క


మార్చి 7

అక్కా,

ముందు పని సంగతి రాస్తాను. నీ రెండో సంగతి గురించి ఏం రాయాలో నాకు ఇంకా తెలియదు.

మా దగ్గర కళ్ళజోళ్ళు చేయించుకునే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఈసారి అద్దాలు నేనే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చి, నీ సంగతంతా చెప్పాను. గాలి బ్లాడరు అనగానే ఆవిడకి కాఫీ పొలమారింది. అది గాలి కాదు, గాల్. అందులో గాలీ లేదు, గ్యాసూ లేదు. కాలేయం తయారుచేసే పైత్యరసం నిల్వ ఉండే చిన్న సంచి అది. నూనె తిన్నప్పుడు ముడుచుకుని ఆ రసాన్ని పేగుల్లోకి పంపిస్తుంది. అప్పుడు రాయి అడ్డుపడితే నొప్పి.

ఇక నీ ఒక్కపూట భోజనం. ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఒళ్ళు అంత గబగబా తగ్గితే రాళ్ళు ఇంకా పెరుగుతాయట. కరిగిన కొవ్వంతా ఆ రసంలోకే దిగుతుంది, తిండి లేక సంచి ఖాళీ అవ్వదు, రసం చిక్కబడి గడ్డకడుతుంది. బరువు తగ్గడం మంచిదే, కానీ మెల్లమెల్లగా. నువ్వు మందు అనుకుని మేత వేస్తున్నావు వాటికి. రాళ్ళున్నవాళ్ళలో చాలామందికి జన్మంతా ఏ ఇబ్బందీ రాదు, వాళ్ళు వాటి జోలికి పోనక్కర్లేదు. కానీ ఒకసారి నొప్పి మొదలైతే మళ్ళీ మళ్ళీ వస్తుంది, అలాంటివాళ్ళు తీయించుకోవాల్సిందే. సంచి లేకపోయినా మనిషి హాయిగా బతుకుతాడు. చలిజ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా గంట కూడా ఆగొద్దంది. కింద గీత గీశాను చూడు, ఇది బావగారికి చూపించు.

ఇప్పుడు రెండోది. ఏడేళ్ళుగా ప్రతి ఏడూ నేను గుండె పరీక్షలు చేయించుకుంటున్నాను. అమ్మది గుండె అన్నావు కాబట్టి నాదీ గుండే అనుకున్నాను. మెట్లెక్కితే చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంటాను. పరుగెత్తి బస్సు పట్టుకున్నది లేదు. నా గుండె గుర్రంలా ఉందని డాక్టర్లు చెప్పిన ప్రతిసారీ వాళ్ళకేమీ తెలియదనుకున్నాను. ఇప్పుడు నవ్వాలో, నీ జుట్టు పట్టుకోవాలో తెలియడం లేదు.

కోపంగానే ఉంది. ఎవరి మీదో సరిగ్గా తెలియదు. నువ్వు ఆపరేషన్‌కి ఒప్పుకున్నాక తీరిగ్గా తేల్చుకుంటాను, అప్పటిదాకా నువ్వు బతికుండాలి.

చెల్లెలు


మార్చి 13

గుండుసూదీ,

ఆస్పత్రి మంచం మీదనుంచి రాస్తున్నాను. వంకర అక్షరాలు చూసి భయపడకు, ఎడమచేతికి సూది ఉంది, కాగితం పట్టుకునే చెయ్యి లేదు.

మొన్న లాండ్రీలో దిండు గలీబులు లెక్కపెడుతూ ఉంటే వణుకు మొదలైంది. ఏముంది, తడి బట్టల మధ్య చలి అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి జ్వరం. మీ బావ నా కళ్ళలోకి చూశారు. తర్వాత నీ ఉత్తరం తీసి, నువ్వు గీత గీసిన చోట వేలు పెట్టి చూపించి, నా చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టారు. ఒక్క మాట అనలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఇంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదటిసారి.

సంచి వాచిందన్నారు. ముందు మందులతో జ్వరం తగ్గించి పందొమ్మిదో తారీకు పొద్దున తీసేస్తారట. నాలుగు చిన్న గాట్లు, అంతేనట. సరేనన్నాను. సంతకం పెట్టాను.

నాకు భయంగా ఉందే. కోత గురించి కాదు. అమ్మ కూడా ఆ తలుపులోంచే వెళ్ళింది. వెళుతూ వెనక్కి తిరిగి నాతో ఏదో అంది. నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమ్మా అని అడిగే లోపల తలుపు మూసేశారు. ఏమందో అని ఏడేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నీ వల్లే కదే అందేమో. అలా అనే మనిషి కాదు, నాకు తెలుసు. కానీ వినపడలేదు కాబట్టి ఏదైనా అయ్యుండొచ్చు.

నా చెవి మిషను కూడా బయటే తీసేస్తారట. నన్ను తిట్టదలుచుకుంటే ముందే వచ్చి తిట్టు. రాలేకపోతే ఫర్వాలేదు, దుకాణంలో పని ఉంటుంది. కానీ రా.

అక్క


మార్చి 19, మధ్యాహ్నం పన్నెండున్నర

అక్కా,

నువ్వు లోపల ఉన్నావు. నేను బయట ఇనుప కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. నువ్వు కళ్ళు తెరిచేసరికి చెవి మిషను ఉండదు, ఎవరేం చెప్పినా బుర్ర ఊపుతావు. అందుకని రాస్తున్నాను. బావగారు పక్కన కూర్చుని నీ చెవి మిషను గుప్పిట్లో పట్టుకున్నారు, పిట్టపిల్లని పట్టుకున్నట్టు. గంటన్నర నుంచి ఆ చెయ్యి తెరవలేదు.

మొన్న నేనూ స్కానింగ్ చేయించుకున్నాను. నాకూ రెండున్నాయి. నొప్పి ఏమీ లేదు కాబట్టి వాటిని వాటి మానాన వదిలెయ్యమంది డాక్టరమ్మ, నొప్పి వస్తే మాత్రం పరుగెత్తుకు రమ్మంది. రివటలా ఉన్నవాళ్ళకి తక్కువని నువ్వు ఎంత హామీ ఇచ్చినా వచ్చాయి చూడు.

పొద్దున నిన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నీతో పోట్లాడదామని వచ్చాను. బస్సులో వస్తూ అన్నీ వరసగా అనుకున్నాను. ఎందుకు దాచావు, ఎందుకు అబద్ధం చెప్పావు, నా ఏడేళ్ళు నాకివ్వు. నువ్వు తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశావు. నేను చెయ్యి ఊపాను.

ఇప్పుడు నేను ఒకటి చెప్పాలి. మార్చి రెండున నువ్వు రాసింది చదివినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. అమ్మకి నొప్పి మొదలైన రెండో రోజు నాకు ఫోను చేసింది. నీకు తెలియదు. నేను అద్దం అరగదీస్తున్నాను, యంత్రం ఆపలేదు. డొక్కలో నొప్పిగా ఉందే అంది. రాత్రి నూనెవి ఏమైనా తిన్నావా, గ్యాసే అయ్యుంటుంది, అక్కని మాత్ర అడుగు అన్నాను. సరేలే అని పెట్టేసింది. నువ్వు గుండె అని చెప్పాక ఆ ఫోనుకీ అమ్మ పోవడానికీ సంబంధం లేదనుకున్నాను. లేదని సంతోషించాను కూడా. అంటే నీ అబద్ధం మీద ఏడేళ్ళు హాయిగా పడుకున్నది నేనే.

అమ్మ నిన్ను అడిగింది, నన్నూ అడిగింది. ఇద్దరం ఒకటే మాట చెప్పాం. తలుపు దగ్గర అమ్మ అన్నది నీకు వినపడలేదు, యంత్రం నీ చెవులు తీసుకుంది. ఫోనులో నాకు వినపడి కూడా నేను వినలేదు. నీ వల్లే అని అమ్మ అనుంటే, తలుపు దగ్గర ఇద్దరి వైపూ వేలు చూపించి ఉండాలి. అక్కడ నువ్వొక్కదానివే ఉన్నావు. నేను లేను. అందుకే ఏమందో నాకూ తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఇకనుంచి అదేమిటో ఆలోచించడం నీ ఒక్కదాని పని కాదు.

డాక్టరు బయటికొచ్చాడు. మూతికి గుడ్డ ఉంది, నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. బావగారు లేచి నిలబడ్డారు కానీ అడగలేదు, నేను అడిగాను. అంతా బాగా అయిందట, సాయంత్రానికల్లా మాట్లాడతావట. బావగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నేను ఇటు తిరిగి రాస్తున్నాను.

ఇది చదివాక నీకు కోపం వస్తే నన్ను తిట్టు. కుట్లు నొప్పెడతాయని మెల్లగా అనకు, గట్టిగానే తిట్టు. నేను ఎక్కడికీ వెళ్ళను, అంతా వింటాను.

తలుపు ఇవతలే ఉన్న
నీ చెల్లెలు